కింది అర డిస్కులు

ఖరీదైన డిస్కు కొనేవాడికి ఇనుము మీద ప్రేమ ఉందేమో గానీ, తోటి మనుషుల మీద లేదని నేను ఘంటాపథంగా చెప్పగలను.

కోప్పడకండి, ముందు వినండి. ఈ మాట అంటున్నది దారినపోయే దానయ్య కాదు. గేట్లూ గ్రిల్సూ చేసే మా బావ షెడ్డుకి ఏడేళ్లుగా సామాన్లు కొనిపెడుతున్నవాణ్ణి. బావకి టేపు పట్టి కొలవడం వచ్చు, బేరమాడటం రాదు. నాకు బేరం తప్ప ఏమీ రాదు. వారానికి ఒక రోజు ఈ కాలమ్ రాస్తాను, మిగతా ఆరు రోజులూ మా బావ డబ్బు ఆదా చేస్తాను.

డిస్కు అంటే పాటలది కాదు. గ్రైండర్ అంటే వంటింట్లో రుబ్బేదీ కాదు. యాంగిల్ గ్రైండర్ అని రెండు చేతులతో పట్టుకునే మిషను ఒకటుంది. దాని మూతికి గరుకు బిళ్ల ఒకటి బిగిస్తారు. అదే డిస్కు. నిమిషానికి పదివేలకు పైగా చుట్లు తిరుగుతుంది. ఎదురుగా ఇనుముంటే ఇనుమునే కోస్తుంది. లేకపోతే ఏది దొరికితే దాన్ని కోస్తుంది, దానికి పక్షపాతం లేదు.

ఇప్పుడీ సమర్థన ఎందుకంటారా? పోయిన మంగళవారం మా ఇంటి కోర్టులో నా మీద ఒక తీర్పు వచ్చింది. శనివారం పొద్దున పదింటికి, అందరి ముందూ, నేను కొన్న డిస్కుతో నేనే ఒక రాడ్డు కోయాలట. కోస్తే సామాన్లు కొనే పదవి నాది. కోయకపోతే నా నోరు మూత. ఇదెక్కడి న్యాయం? వంటసరుకులు తెచ్చినవాణ్ణే పొయ్యిలో కూర్చోమంటారా? శనివారం ఏమైందో చెబుతాను. ముందు నా డిస్కుల గొప్పతనం వినకుండా మిమ్మల్ని కదలనివ్వను.

డిస్కు ఎంచుకోవడం ఒక విద్య. హార్డ్‌వేర్ షాపులో దానికి రెండు అరలుంటాయి. పై అరలో డిస్కులు రేకు డబ్బాల్లో, పెళ్లికూతురి నగల్లా కూర్చుంటాయి. కింది అరలో అట్టపెట్టెలుంటాయి. అట్ట కాస్త చెమ్మగా ఉంటుంది, ఎందుకంటే షాపు తుడిచే ఆవిడ తడిగుడ్డ ఆరేసేది అక్కడే. పై డిస్కు ఒక్కదాని ధరకి కిందివి నాలుగొస్తాయి. నేను షాపులో అడుగుపెట్టగానే నేరుగా వంగుతాను. వంగనివాడికి లాభం దక్కదు.

ఒక్కో డిస్కునీ గోటితో టకటకా కొట్టి, కుండ కొనేవాడిలా చెవి దగ్గర పెట్టుకుంటాను. ఏ చప్పుడు మంచిదో నాకు తెలీదు. కానీ షాపాయన చూస్తున్నప్పుడు ఏదో ఒకటి విన్నట్టు ఉండాలి కదా! తర్వాత లేబుల్ చదువుతాను. పై అర డిస్కు మీద పన్నెండు వేల చుట్ల దాకా భరిస్తుందని ఉంటుంది. నాదాని మీద పదిహేను వేలని ఉంటుంది. ధర తగ్గేకొద్దీ అంకె పెరిగే వస్తువుని మీరు ఇంకెక్కడైనా చూశారా?

డబ్బులిచ్చేటప్పుడు షాపాయన ప్రతిసారీ ఒకటే మాటంటాడు.

"ఇవి వెనక్కి తీసుకోను సార్. తర్వాత నన్ననకూడదు."

ఎంత నమ్మకం ఆయనకి తన సరుకు మీద! మళ్లీ వెనక్కి వచ్చే అవసరమే ఉండదని చెబుతున్నాడు. కొన్ని వస్తువులు నిజంగానే వెనక్కి వచ్చే స్థితిలో ఉండవు, అది వేరే సంగతి.

ఇక ఈ డిస్కుల వల్ల కలిగే మేలు చూడండి. పై అర డిస్కు బిగిస్తే ఒక గేటు మొత్తం అయిపోతుంది, మనిషి కూర్చున్నచోటే కూర్చుని ఉంటాడు. నడుం పట్టేస్తుంది. నా డిస్కులు గేటుకి తొమ్మిది కావాలి. తొమ్మిదిసార్లు లేవాలి, ప్లగ్గు పీకాలి, స్పానర్ వెతకాలి, అరిగినది తీయాలి, కొత్తది బిగించాలి. జిమ్ముకి ఫీజు కట్టి మరీ జనం చేసే పని ఇదే. అందులో స్పానర్ వెతకడం మరీ ఆరోగ్యం. అది ఎప్పుడూ పెట్టినచోట ఉండదు. దానికోసం షెడ్డులో వాళ్లూ ఇంట్లో వాళ్లూ ఒక్కటైపోతారు. ఒకసారి అక్క దాన్ని ఫ్రిజ్ మీంచి తీసింది. ఏ టీవీ సీరియల్ మా కుటుంబాన్ని ఇంతలా కలిపి ఉంచింది?

దోమల సంగతి చెప్పనే లేదు. నా డిస్కు తిరగడం మొదలెడితే కాలిన జిగురు వాసన వీధి చివరిదాకా వెళ్తుంది. దోమలు రావు. బంధువులూ తగ్గారు.

పనితనంలో కూడా నా డిస్కుకి సొంత అభిప్రాయాలుంటాయి. చాక్‌పీసుతో గీసిన గీత మీద మొదలవుతుంది, తర్వాత దానికి నచ్చిన దారిలో పోతుంది. అలా ఒక గేటు కాస్త ఏటవాలుగా వచ్చింది. అది మా వీధి టైలర్ గారిది. ఆయన వచ్చి గేటు ముందు నిలబడి, ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"నేను ప్యాంటు ఇలా కత్తిరిస్తే మీరు వేసుకుంటారా?" అన్నాడు.

"గేటు వేసుకునేది కాదు కదండీ, మూసుకునేది," అన్నాను.

"మూసుకోవట్లేదు, అదే నేను చెప్పేది."

మూసుకోని గేటుకి తాళం అక్కర్లేదని, ఆ ఖర్చూ మిగిలిందని ఆయనకి వివరించాను. ఆయన ఇంకా పూర్తి డబ్బులివ్వలేదు గానీ, రోజూ వచ్చి పలకరిస్తున్నాడు. ఆ అనుబంధం నా డిస్కు వేసినదే.

నా ప్రజ్ఞలో మకుటం లాంటి కొనుగోలు గురించి మీకు చెప్పి తీరాలి. మా మిషను నాలుగంగుళాల డిస్కుది. ఒకరోజు కింది అరలో అయిదంగుళాలవి కనపడ్డాయి. ధర అదే, అంగుళం ఎక్కువ. అంగుళం ఊరికే వస్తుంటే కాదనే మనిషి ఉంటాడా? రంధ్రం కాస్త పెద్దదైంది, లోపల ఒక రింగు దూర్చాం. డిస్కు చుట్టూ ఉండే రేకు గార్డు అడ్డం వచ్చింది, ఊడదీశాం. ఆ గార్డు కూడా వృథా పోలేదు. షెడ్డు తలుపు గాలికి కొట్టుకోకుండా కింద దాన్నే అడ్డం పెట్టాం. డిస్కుకి అక్కర్లేని రక్షణ తలుపుకి దక్కింది.

ఆ మిషను పట్టుకునేవాడి పేరు సైలెన్సర్. అమ్మానాన్నా పెట్టిన పేరు వేరే ఉంది. కానీ రోజంతా అంత మోత చేస్తూ తను మాత్రం నోరు విప్పడు కాబట్టి అందరం అలాగే పిలుస్తాం. పదకొండేళ్లుగా ఇనుము కోస్తున్నాడు. అతని కుడి కనుబొమ మీద చిన్న గాటు ఉంది. నేను కొన్న రెండో పెట్టె నాటిది. కంటికి వేలెడు పైన ఆగింది. అంటే చూశారా, నా డిస్కు ముక్కకి ఎక్కడ ఆగాలో తెలుసు.

కళ్లద్దాలు లేవా అంటారేమో. నేనే కొన్నాను, అవీ మంచి బేరమే. రెండు రోజుల్లో గీతలు పడి మసకబారాయి. వాటిలోంచి చూస్తే ఏది రాడ్డో ఏది తన వేలో తెలియట్లేదని అతను వాటిని నుదుటి మీదికి జరిపాడు. అప్పట్నుంచి అక్కడే ఉన్నాయి. అతని నుదుటికి ఈరోజు దాకా ఒక్క గీత పడలేదు.

ఇక మంగళవారం. భోజనాలయ్యాక షెడ్డులో నా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాను. పని పర్యవేక్షణ అంటే అదే. సైలెన్సర్ మూడు బారల దూరంలో కిటికీ గ్రిల్లు కోస్తున్నాడు. టీ తాగుదామని లేచి గుమ్మం దాటాను. వెనక టప్‌మని చప్పుడు. మోత ఆగిపోయింది.

తిరిగొచ్చి చూస్తే మిషనుకి డిస్కు లేదు. ఒక ముక్క పైకప్పు రేకులో గుచ్చుకుంది. ఒకటి సైలెన్సర్ చొక్కా భుజాన్ని చీల్చుకుని పోయింది, లోపల చర్మం ఎర్రగా కమిలింది. ఇంకోటి నా కుర్చీ వీపులోంచి ఈ పక్కన దూరి ఆ పక్కన పడింది. రెండు వేళ్లు పట్టేంత కన్నం. సరిగ్గా నేను ఆనుకునేచోట.

నేను కంగారుపడలేదు. "ఎండాకాలం వీపుకి గాలి తగుల్తుంది," అన్నాను.

సైలెన్సర్ మిషనుని నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు. గ్లౌజులు ఒక్కో వేలూ లాగి తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టాడు. పదకొండేళ్లలో అతను అంత నెమ్మదిగా ఏ పనీ చేయగా నేను చూడలేదు.

"ఇక నేను పట్టుకోను సార్," అన్నాడు.

"ఏమైందిప్పుడు? డిస్కన్నాక విరుగుతుంది."

"నాకున్నవి రెండే కళ్లు సార్."

దీనికి జవాబుగా నేనొక మంచి మాట వెతుక్కుంటున్నంతలో మా అక్క వచ్చింది. చప్పుడు విని కాదు. స్కూటర్ తాళం కోసం. ఇక్కడ మా అక్క గురించి ఒక ముక్క చెప్పాలి. ఆవిడకి తేదీలు చదివే జబ్బుంది. రొట్టె పొట్లం, దగ్గు మందు, టూత్‌పేస్ట్, ఏది చేతికిచ్చినా ముందు తిప్పి ఎప్పటిదాకా వాడొచ్చో చూస్తుంది. పెళ్లిచూపుల్లో బావని కూడా అలాగే తిప్పి చూసిందని మా ఇంట్లో అనుకుంటుంటాం.

నా తాళాలకి ఇనప రింగు బిళ్ల ఒకటి వేలాడుతుంటుంది. డిస్కు పూర్తిగా అరిగాక నడుమ మిగిలే రింగు అది. రెండేళ్ల కిందట సైలెన్సరే దాని అంచులు నున్నగా రుద్ది, నా తాళాలకి తగిలించి ఇచ్చాడు. నా మీద అభిమానం కొద్దీ అనుకుని, అప్పట్నుంచి జేబులో వేసుకు తిరుగుతున్నాను. అక్క తాళం అందుకుంది, కుర్చీ కన్నం చూసింది, సైలెన్సర్ భుజం చూసింది. తర్వాత అలవాటు కొద్దీ చేతిలోని బిళ్ల తిప్పి చూసింది.

"ఒరేయ్, దీని మీద నెలా సంవత్సరం ఉన్నాయేంట్రా? ఇదెప్పుడో అయిపోయిందిగా."

నేను నవ్వాను. "అక్కా, రాయికి తేదీ ఏంటే? కొండల మీద వేశారా ఎక్కడన్నా?"

"కొండ నిమిషానికి పదివేలసార్లు తిరుగుతుందా?"

పెట్టె తెప్పించింది. ఒక్కో డిస్కూ తీసి నడుమ రింగు మీద చదివింది. అన్నిటి గడువూ దాటిపోయింది. కొన్నిటిది మా టైలర్ గారి ఇల్లు పునాదుల్లో ఉన్నప్పుడే దాటిపోయింది. డిస్కు అంటే ఒట్టి రాయి కాదని, గరుకు పొడిని జిగురుతో అతికిస్తారని, ఆ జిగురు చెమ్మకీ ఏళ్లకీ చచ్చిపోతుందని సైలెన్సర్ నేల చూస్తూ చెప్పాడు. అతను ఒక్కసారే అన్ని మాటలు మాట్లాడటం మేమెవరం వినలేదు.

"తెలిసి ఇన్నాళ్లూ చెప్పలేదేం నువ్వు?" అన్నాను. దొంగ దొరికాడన్న ఆనందం నాది.

"రెండుసార్లు చెప్పాను సార్. మీరు పేపరు చదువుతున్నారు. మీ జేబులో ఉంటే ఎప్పుడన్నా చూస్తారని తాళాలకి తగిలించాను."

చప్పుడుకి వచ్చి నిలబడ్డ బావ టేపు బయటికి లాగాడు, వదిలాడు, మళ్లీ లాగాడు. గొడవల్లో ఆయన మాట్లాడే భాష అది. అక్క మాత్రం నా వైపు తిరిగింది.

"దగ్గు మందు మీద తేదీ చూస్తాం కదరా. మనిషి మొహం ముందు తిరిగేదాని మీద చూడవా?"

"కొన్నాయన ఒక్క కోత కోసి చూపిస్తే, మళ్లీ పట్టుకుంటానమ్మా," అన్నాడు సైలెన్సర్.

అదీ తీర్పు. శనివారం పదింటికని అక్క ముహూర్తం పెట్టింది.

మిగిలిన మూడు రోజులూ నేను భయపడ్డానని మా వాళ్లు ప్రచారం చేస్తున్నారు. పచ్చి అబద్ధం. నిద్ర పట్టలేదు, అన్నం సయించలేదు, అంతే. పేపరు చదువుదామని కుర్చీలో కూర్చుంటే వీపు ఆ కన్నానికి ఆనేది కాదు, దానంతటదే పక్కకి జరిగేది.

శనివారం పొద్దున్నే షాపు తీసేసరికి నేను మెట్ల మీద ఉన్నాను. షాపాయన అలవాటుగా కింది అర వైపు వంగబోయాడు.

"పై అరలోది ఒకటివ్వండి," అన్నాను. "నాలుగంగుళాలది. తేదీ చూసివ్వండి. గీతల్లేని కళ్లద్దాలు కూడా ఒక జత."

బేరం ఆడలేదు. ఏడేళ్లలో మొదటిసారి. షాపాయన రేకు డబ్బా తీసి, తుడిచి, నా చేతిలో పెట్టి, మొహంలోకి చూశాడు.

"ఏం సార్, ఈసారి కోసేది మీరేనా?"

చూశారా ఆయన అనుభవం! నాలాంటివాళ్లని ఎంతమందిని చూసుంటాడు! డిస్కు చూసి కాదు, కొనేవాణ్ణి చూసి కాదు, ఏ అర అడిగాడో చూసి అది ఎవరి చేతిలో తిరగబోతోందో చెప్పేస్తున్నాడు. నేను చిల్లర కూడా లెక్కపెట్టుకోలేదు.

పదింటికి అందరూ వచ్చారు. టైలర్ గారు పని మానుకుని మరీ వచ్చాడు. నేను కొత్త కళ్లద్దాలు పెట్టాను. వాటి మీద స్కూటర్ హెల్మెట్ పెట్టాను. తోలు ఆప్రాన్ కట్టాను, గ్లౌజులు తొడిగాను, బావ వానాకాలం బూట్లు వేసుకున్నాను. అన్నీ అయ్యాక గార్డు కావాలన్నాను. సైలెన్సర్ వెళ్లి తలుపు కింది నుంచి దాన్ని లాగాడు. తలుపు ధడేలుమని పడింది. నేను ఎగిరి బావ మీద పడ్డాను.

"డిస్కు అన్నాక చప్పుడవుతుంది సార్," అన్నాడు సైలెన్సర్. అతనికి హాస్యం కూడా వచ్చని ఆ రోజే తెలిసింది.

గార్డు బిగించాడు. నేను జేబులోంచి రేకు డబ్బా తీశాను. అక్క కళ్లు చిన్నవయ్యాయి.

"నువ్వు కొన్న పెట్టెలోది కదరా కోయాల్సింది?"

"ఇదీ నేను కొన్నదే," అన్నాను. తీర్పులో ఏ అర అన్నది స్పష్టంగా లేదు.

కోశాను. వెన్నలో చాకు దిగినట్టు దిగింది. మిషను చేతిలో ఒణకలేదు, వాసన రాలేదు, రవ్వలు నేలకేసి ఒక దారిలో పోయాయి. రాడ్డు రెండు ముక్కలై పడింది. టైలర్ గారు ముక్క తీసుకుని, ఒక కన్ను మూసి, అంచు చూశాడు.

"నా గేటు మీరే కోసుంటే బాగుండేది," అన్నాడు.

నేను గెలిచాను. హెల్మెట్ తీసి, కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాను. మిషను ఆపి, ప్లగ్గు పీకి, కొత్త డిస్కు జాగ్రత్తగా విప్పి రేకు డబ్బాలో దాచాను. మంచి వస్తువు కదా, పాడైపోతుంది. తర్వాత అట్టపెట్టెలోంచి ఒకటి తీసి, "ఇక కానీ," అని సైలెన్సర్ చేతికివ్వబోయాను.

అందరి చూపులూ నా చేతి మీద పడ్డాయి. అప్పుడు గానీ నా చేతిలో ఏముందో నేను చూసుకోలేదు.

చెయ్యి చాచింది నేనే, కాదనను. సైలెన్సర్ డిస్కు అందుకోలేదు. కొంచెం సేపు దాన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. కోపం కూడా లేదు ఆ చూపులో. ఇదివరకే తెలిసిన సంగతి మరోసారి చూస్తున్నట్టు ఉంది. ఆ కనుబొమ మీది గాటు అంత పొడుగ్గా ఉంటుందని నేను అంతకుముందు గమనించలేదు. ఏడేళ్ల బేరగాణ్ణి, నాకు సిగ్గేసింది. ఇది మాత్రం వెటకారం కాదు, రాసుకోండి.

అక్క నా చేతిలోంచి రేకు డబ్బా తీసుకుని సైలెన్సర్‌కిచ్చింది. కళ్లద్దాలు నా జేబులోంచి తనే తీసి అతనికిచ్చింది. అతను వాటిని నుదుటి మీద కాకుండా కళ్లకే పెట్టుకున్నాడు. తర్వాత అక్క మా షెడ్డు గోడ మీద చాక్‌పీసుతో ఒక కొత్త రూలు రాసింది: ఏ పెట్టె విప్పినా మొదటి కోత కొన్నవాళ్లదే.

పాఠకులారా, ఈ ఘోరాన్ని ఖండించమని మిమ్మల్ని వేడుకుంటున్నాను. మా షెడ్డు గురించి నా బాధ కాదు. ఇది గోడ దిగి వీధిలోకొస్తే ఏం కావాలి? లిఫ్టు టెండర్ తక్కువకి ఖాయం చేసినాయన ముందు అందులో ఎక్కాలా? మురుగ్గొట్టంలో దిగేవాళ్లకి తాడు కొన్న ఆఫీసరు ముందు తనే ఆ తాడుకి వేలాడాలా? బడిపిల్లల బస్సుకి అరిగిన టైర్లు చాలన్న సెక్రటరీ గారు ముందు సీట్లో కూర్చోవాలా? ఒక్క రోజులో కింది అరలన్నీ దుమ్ము కొట్టుకుపోవూ! కొనేవాడు వేరు, పట్టుకునేవాడు వేరు అన్న ఒక్క సూత్రం మీద ఇన్ని పనులు ఇంత చౌకగా నడుస్తున్నాయి. దాన్ని మా అక్క చాక్‌పీసు ముక్కతో చెరిపేస్తానంటే ఊరుకుందామా?

నా నమ్మకం చెక్కు చెదరలేదు. కింది అర డిస్కు నిజంగా వరమే. నా దగ్గర ఇంకా నలభై మూడు ఉన్నాయి. బావ పారేయమన్నాడు, నాకు మనసొప్పలేదు. నన్ను నమ్మే పాఠకులెవరైనా వస్తే పెట్టెతో సహా ఊరికే ఇచ్చేస్తాను, అంగుళం ఎక్కువున్నవి కూడా. ఒక్కటే మనవి. బిగించి స్విచ్ వేసేటప్పుడు మాత్రం నన్ను చూడ్డానికి పిలవకండి.